మూతపడిన రైలు మార్గాన్ని ఓడరేవు సరకు కోసం తిరిగి తెరవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్న ఎప్పుడు తలెత్తుతుంది?

ఓడరేవు గేటు ముందు లారీల వరుస పెరిగి, ఊరి రోడ్లు ఆ భారాన్ని మోయలేకపోతున్నప్పుడు ఎవరో ఒకరు పటం తీసి చూస్తారు. రేవు నుంచి లోపలి ప్రాంతానికి సన్నని గీతలా ఒక పాత రైలు మార్గం అందులో కనిపిస్తుంది. భూమి సేకరించనక్కరలేదు, పట్టాలు కూడా చాలాచోట్ల ఉన్నాయి, కాబట్టి పొదలు కొట్టేస్తే సరిపోతుందన్న ఆశ అక్కడ పుడుతుంది. ఆశలో తప్పు లేదు గానీ, అది పటం మధ్యలో ఉన్న గీతను చూసి పుట్టింది. నిర్ణయాన్ని తేల్చేది ఆ గీతకున్న రెండు కొసలు. ఒక కొసన రేవులో సరకు రైలెక్కే చోటు ఉంటుంది, రెండో కొసన ఆ సరకు దిగే చోటు ఉంటుంది. కింది జవాబులలో ఎక్కువ భాగం ఏదో ఒక దారిన ఈ విషయం దగ్గరికే వస్తాయి.

పట్టాలు ఉన్నాయి కదా, రైలు నడపడానికి అడ్డేమిటి?

పట్టాలు ఉండటం వేరు, సరకు రైలును మోసే స్థితిలో ఉండటం వేరు. ఉక్కు పట్టా ఏళ్ల తరబడి వాడకపోయినా పైకి బాగానే కనిపిస్తుంది. పాడయ్యేది దాని కిందనున్నది. చెక్క స్లీపర్లు పదిహేను నుంచి పాతికేళ్లలో కుళ్లిపోతాయి. కంకరలో మట్టి చేరి, గడ్డి వేళ్లు పాకి, నీరు దిగిపోయే దారి మూసుకుపోతుంది. నీరు నిలిచిన కట్ట మెత్తబడుతుంది, మెత్తబడిన కట్ట మీద బరువైన రైలు వెళ్తే పట్టాలు ఒక పక్కకు కుంగుతాయి. అందుకే అనుభవం ఉన్న ఇంజినీరు పాత మార్గం చూడటానికి వెళ్తే, పట్టాల కంటే ముందు తూములను, పక్క కాలువలను పరిశీలిస్తాడు.

తరవాతి చిక్కు ఇరుసు భారం, అంటే వ్యాగన్‌కున్న ఒక్కో ఇరుసు పట్టాల మీద మోపే బరువు. పాత శాఖా మార్గాలలో చాలా వాటిని నేటి వ్యాగన్ల బరువును ఊహించి కట్టలేదు. ఐరోపాలో ప్రధాన సరకు మార్గాల మీద ఇరుసుకు 22.5 టన్నులు సాధారణం. భారతదేశంలో ప్రత్యేక సరకు రవాణా కారిడార్లను 25 టన్నులకు కట్టారు. ఉత్తర అమెరికాలో ఇది 32 టన్నులు దాటుతుంది. మార్గం 16 లేదా 17 టన్నులకే తట్టుకుంటే ఒక్కో వ్యాగన్‌ను సగం దాకా ఖాళీగా నడపాల్సి రావచ్చు, అప్పుడు టన్నుకు పడే ఖర్చు లారీ కంటే పెరిగిపోతుంది. పట్టాలు, స్లీపర్లు మార్చడం తేలికే. వంతెనలు బలపరచడం తేలిక కాదు. రాతి కమాను వంతెనలు సాధారణంగా అనుకున్నదాని కంటే ఎక్కువ బరువు మోస్తాయి. పాత ఇనుప గర్డర్లు అలా కాదు, వాటిలో తుప్పు, లోహపు అలసట పైకి కనిపించకుండా ఉంటాయి. నదిలో ఉన్న స్తంభాల పునాదుల చుట్టూ మట్టి కోసుకుపోయిందో లేదో నీళ్లలోకి దిగి చూస్తే తప్ప తెలియదు. మొత్తం అంచనాను తలకిందులు చేయడానికి ఒక్క పెద్ద వంతెన చాలు.

మార్గంలోని వాలు గురించి ఎందుకంత పట్టింపు?

రైలుకున్న బలమూ బలహీనతా ఒకే చోట ఉన్నాయి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లేటప్పుడు నిరోధం చాలా తక్కువ. సమతల నేల మీద ఒక టన్నును కదిలించడానికి దాదాపు రెండు కిలోల లాగుడు చాలు. కానీ ఆ నున్నదనం వల్లే ఎత్తు ఎక్కడం కష్టమవుతుంది. నూరు మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలులో, భూమ్యాకర్షణను ఎదుర్కోవడానికి టన్నుకు మరో పది కిలోల లాగుడు కావాలి.

లెక్క వేసి చూద్దాం. 3,000 టన్నుల రైలుకు సమతలం మీద సుమారు 6 టన్నుల లాగుడు చాలు. నూటికి ఒకటి వాలులో అది 36 టన్నులకు చేరుతుంది, యాభైకి ఒకటి వాలులో 66 టన్నులకు. 120 టన్నుల ఇంజిను పట్టాలు పొడిగా ఉన్నప్పుడు తన బరువులో సుమారు మూడో వంతు, అంటే 40 టన్నుల మేరకే చక్రాలు జారకుండా లాగగలదు. కాబట్టి మొదటి వాలును ఒక ఇంజిను అతికష్టం మీద దాటుతుంది. రెండో వాలుకు రెండో ఇంజినైనా కావాలి, లేదంటే రైలును సగం చేయాలి. ప్రయాణికుల బండ్ల కోసం కొండ పక్కన వంపులు తిప్పుతూ వేసిన శాఖా మార్గాలలో ఇలాంటి వాలులు అరుదేమీ కాదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రేవు సముద్ర మట్టంలో ఉంటుంది కాబట్టి ఎగుమతి సరకు నిండు బరువుతో కిందికి దిగుతుంది, దిగుమతి సరకు నిండు బరువుతో పైకి ఎక్కాలి. లోపలి గనుల నుంచి ఖనిజాన్ని రేవుకు దించే మార్గం కాస్త నిటారుగా ఉన్నా బ్రేకులు బాగుంటే నెట్టుకురావచ్చు. అదే మార్గం మీద దిగుమతి బొగ్గును పైకి తీసుకుపోవాలంటే ఖర్చు లెక్క పూర్తిగా మారిపోతుంది. మార్గం ఒకటే అయినా సరకు ఏ దిశలో పోతుందన్నదాన్ని బట్టి నిర్ణయం మారవచ్చు.

కంటైనర్లు పాత సొరంగాలలో, వంతెనల కింద పడతాయా?

మామూలు కంటైనర్ ఎత్తు 2.59 మీటర్లు. ఇప్పుడు ఎక్కువగా తిరిగే ఎత్తైన రకం సుమారు 2.9 మీటర్లు. దానికి వ్యాగన్ ఎత్తు కూడా కలపాలి. కమాను ఆకారపు పాత సొరంగాలలో నడుమ చోటు ఉన్నా పై మూలల దగ్గర పెట్టె తగులుతుంది. బ్రిటన్‌లో సౌతాంప్టన్ రేవు నుంచి మిడ్‌లాండ్స్ వైపు వెళ్లే మార్గంలో ఎత్తైన కంటైనర్లు మామూలు వ్యాగన్ల మీద పోయేలా వంతెనలు, సొరంగాలు సవరించే పని 2011లో పూర్తయింది. అది నిత్యం రైళ్లు నడిచే ప్రధాన మార్గం. అక్కడే అంత పని పడిందంటే, మూతపడిన శాఖా మార్గంలో ఈ పరీక్ష మొట్టమొదట జరగాలి. నేల తక్కువ ఎత్తులో ఉండే ప్రత్యేక వ్యాగన్లు ఒక ఉపాయం. అయితే అవి ఖరీదైనవి, సరకు తక్కువ పట్టేవి. మార్గం కోసం వ్యాగన్లను మార్చుకుంటే ఆ వ్యాగన్లు ఆ మార్గానికే కట్టుబడిపోతాయి. బొగ్గు, ధాన్యం, సిమెంటు, ఎరువులు, దుంగల వంటి సరకులకు ఈ బెడద అంతగా ఉండదు.

ఎంత సరకు ఉంటే గిట్టుబాటు అవుతుంది?

ఒకే సంఖ్య చెప్పమని అందరూ అడుగుతారు. అలా చెప్పేవారిని నమ్మకూడదని నా అభిప్రాయం. లెక్క ఎలా సాగుతుందో మాత్రం చెప్పవచ్చు.

లారీ రేవులో సరకు ఎత్తుకుని నేరుగా గోదాము గుమ్మం ముందు దించుతుంది. రైలులో అయితే రేవులో ఒకసారి ఎక్కించాలి, లోపలి టెర్మినల్‌లో దించాలి, అక్కడి నుంచి మళ్లీ లారీ పెట్టి గోదాముకు చేర్చాలి. ఈ అదనపు ఎత్తిదింపుల ఖర్చు 50 కిలోమీటర్ల ప్రయాణానికైనా 500 కిలోమీటర్ల ప్రయాణానికైనా ఒక్కటే. రైలు ఆదా చేసేది నడిచే దూరంలో కాబట్టి, దూరం పెరిగేకొద్దీ ఆ స్థిర ఖర్చు పలచబడుతుంది. కంటైనర్ల విషయంలో కొన్ని వందల కిలోమీటర్లు దాటాకే రైలు లారీతో పోటీ పడగలదన్నది రవాణా రంగంలో అందరూ చెప్పే మాట. ఐరోపా సంఘం 2011లో ప్రకటించిన రవాణా విధానం కూడా 300 కిలోమీటర్లకు మించిన రోడ్డు సరకులోనే 30 శాతాన్ని 2030 నాటికి రైలుకు, నీటి మార్గాలకు మళ్లించాలని లక్ష్యం పెట్టుకుంది. అంతకన్నా తక్కువ దూరాల జోలికి అది పోలేదు.

దీనికి రెండు మినహాయింపులున్నాయి, మూతపడిన చిన్న మార్గాలకు ఆశ కల్పించేవి ఇవే. మొదటిది, రెండు కొసలలోనూ సైడింగు, అంటే వ్యాగన్లు నిలిపి సరకు ఎక్కించి దించే పక్క లైను, ఉన్న బరువైన సరకు. గని గుమ్మం దగ్గరే వ్యాగన్ నింపి రేవు అంచున దించే వీలుంటే మధ్యలో లారీ అవసరమే ఉండదు, కాబట్టి 60 లేదా 80 కిలోమీటర్లకు కూడా రైలు గెలవవచ్చు. రెండోది, రేవు ఊరి నడుమ ఇరుక్కుపోయిన పరిస్థితి. అప్పుడు రేవు నుంచి ఊరి బయట ఉన్న యార్డుకు రైళ్లు అటూ ఇటూ తిరుగుతాయి, కస్టమ్స్ తనిఖీ, లారీల నిరీక్షణ అన్నీ ఆ యార్డుకు మారతాయి. ఇందులో ఆదా అయ్యేది రేవులోని చోటు, ఊరి రోడ్ల మీద సమయం. ఆ ఆదా రైలు సంస్థ ఖాతాలో కనిపించదు కాబట్టి, ఎవరో ఒకరు దాన్ని లెక్కగట్టి రైలుకు చెల్లించకపోతే రైలు నష్టంలోనే నడుస్తుంది.

పరిమాణాల విషయానికి వస్తే, 45 వ్యాగన్ల కంటైనర్ రైలు ఇరవై అడుగుల పెట్టెలు 90 తీసుకుపోతుంది. రోజుకు మూడు జతల రైళ్లు, ఏడాదికి 300 రోజులు, రెండు దిశలలోనూ నిండుగా నడిస్తే 1,62,000 పెట్టెలు అవుతాయి. ఇందులో అసలు షరతు ‘రెండు దిశలలోనూ నిండుగా’ అన్నదే. దిగుమతులు ఎక్కువగా ఉన్న రేవులో రైలు నిండుగా పోయి ఖాళీ పెట్టెలతో తిరిగివస్తుంది, అప్పుడు రాబడి దాదాపు సగానికి పడిపోతుంది.

రేవు లోపల ఏమేం ఉండాలి?

మార్గం పునరుద్ధరణ మీద కోట్లు కుమ్మరించి, రేవు లోపలి ఏర్పాటును చివరికి వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. రైలు పొడవు 700 మీటర్లయితే ఎక్కించే లైను కూడా 700 మీటర్లు ఉండాలి. అది 350 మీటర్లే అయితే రైలును రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను పక్కన పెట్టి, మరో ముక్కను లోపలికి తోయాలి. ఇంజిను, సిబ్బంది, క్రేను అందరూ ఎదురుచూస్తారు. ఓడ నుంచి దిగిన పెట్టె నేరుగా వ్యాగన్ మీదికి రావడం అరుదు. మధ్యలో నిల్వ చేసే నేల, అక్కడి నుంచి లైను దాకా చేర్చే బండ్లు, ఏ పెట్టె ఏ రైలుకు వెళ్లాలో ముందే తెలిసే పద్ధతి ఉండాలి. 20,000 పెట్టెలకు మించి మోసే ఓడలు తిరుగుతున్న కాలమిది. అలాంటి ఓడ ఒక రేవులో 3,000 పెట్టెలు దించిందంటే, అన్నీ రైలు మీదే పంపాలంటే 34 రైళ్లు కావాలి. రైలు క్రమం తప్పకుండా కొద్దికొద్దిగా తీసుకుపోతుంది, ఓడ ఒక్కసారిగా గుమ్మరిస్తుంది. ఈ తేడాను భరించేది యార్డు. యార్డుకు నేల లేని రేవుకు రైలు మార్గం తెరిచినా ప్రయోజనం స్వల్పమే.

ఒకే సరకును నమ్ముకుని మార్గం తెరవవచ్చా?

తెరవవచ్చు, కానీ ఆ సరకు ఎన్నాళ్లుంటుందో ముందు తేల్చుకోవాలి. స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ నుంచి ఆలోవా మీదుగా కింకార్డిన్ వెళ్లే సుమారు 21 కిలోమీటర్ల మార్గాన్ని 2008లో తిరిగి తెరిచారు. హంటర్‌స్టన్ రేవులో దిగిన బొగ్గు రైళ్లు లాంగానెట్ విద్యుత్ కేంద్రానికి ఫోర్త్ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవి. వాటిని ఈ దగ్గరి దారికి మళ్లించి, రద్దీగా ఉన్న వంతెనకు ఊపిరి ఇవ్వడం అసలు ఉద్దేశం. ఖర్చు మొదటి అంచనాలను బాగా దాటి 8.5 కోట్ల పౌండ్లకు చేరింది. లాంగానెట్ కేంద్రం 2016లో మూతపడింది. పనులు పూర్తయిన ఎనిమిదేళ్లకే ప్రధాన సరకు మాయమైందన్నమాట.

దీన్ని పూర్తి వైఫల్యం అనడం కూడా న్యాయం కాదు. 1968లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయిన ఆలోవాకు అదే పనిలో భాగంగా మళ్లీ రైలు వచ్చింది, ఆ రైళ్లు జనాదరణతో నడుస్తున్నాయి. సరకు కోసం మొదలైన మార్గాన్ని చివరికి ప్రయాణికులు నిలబెట్టారు. అయితే అది అదృష్టం. ప్రణాళికలో అదృష్టానికి పద్దు ఉండదు.

ఊరి బయట మార్గం ఎక్కడ కలుస్తుందన్నది అంత ముఖ్యమా?

మార్గం ఎంత బాగున్నా అది కలిసే ప్రధాన లైనులో ఖాళీ లేకపోతే రైళ్లు ఆ కూడలి దగ్గరే ఆగిపోతాయి. నెదర్లాండ్స్ రాటర్‌డామ్ రేవు నుంచి జర్మనీ సరిహద్దు దాకా సరకుకే కేటాయించిన 160 కిలోమీటర్ల బెటువె మార్గాన్ని సుమారు 470 కోట్ల యూరోల ఖర్చుతో నిర్మించి 2007లో ప్రారంభించింది. సరిహద్దు అవతల ఎమ్మెరిఖ్, ఓబర్‌హౌజెన్ పట్టణాల మధ్య జర్మనీ వేయాల్సిన మూడో లైను ఏళ్ల తరబడి వెనకబడింది. అది కొత్త మార్గం, దాని వెనక ధనిక ప్రభుత్వం ఉంది, ఐరోపాలోకెల్లా పెద్ద రేవు ఉంది. అయినా అవతలి కొస సిద్ధం కానందున ఇవతలి పెట్టుబడి పూర్తి ఫలితం ఇవ్వలేకపోయింది. పాత శాఖా మార్గాన్ని తెరిచేవారు, కూడలి తరవాతి యాభై కిలోమీటర్లలో సరకు రైళ్లకు సమయం దొరుకుతుందా అని ప్రధాన లైను నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. ‘చూద్దాం’ అన్న మాట జవాబు కింద లెక్కకు రాదు.

ఒంటి లైను సరిపోతుందా?

చాలా సందర్భాలలో సరిపోతుంది. ఒంటి లైను మీద రైళ్లు ఎదురుపడి దాటుకునే లూపుల మధ్య దూరమే సామర్థ్యాన్ని నిర్ణయిస్తుంది. లూపుల మధ్య 20 కిలోమీటర్లు ఉండి, రైలు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆ భాగం దాటడానికి 30 నిమిషాలు, సిగ్నల్ పనికి మరో 5 నిమిషాలు పడుతుంది. రోజులోని 1,440 నిమిషాలను 35తో భాగించి, అందులో 70 శాతమే వాడగలమనుకుంటే రెండు దిశలలో కలిపి సుమారు 28 రైళ్లు నడుస్తాయి. మూతపడిన మార్గానికి తొలి పదేళ్లలో అన్ని రైళ్లు రావడం గొప్ప. కాబట్టి రెండో లైను వేయాలన్న ఉత్సాహాన్ని పక్కన పెట్టి, ఆ డబ్బుతో లూపులను పూర్తి రైలు పట్టేంత పొడవుగా కట్టడం మేలు. పొట్టి లూపు ఉన్న చోట పొడవైన రైళ్లు రెండు ఎదురుపడితే దాటుకోలేవు.

ఖర్చు అంచనాలను ఎంతవరకు నమ్మవచ్చు?

డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లైవ్‌బ్యెర్, ఆయన సహచరులు 258 రవాణా నిర్మాణాలను పరిశీలించి 2002లో వెల్లడించిన ఫలితం ప్రకారం, రైలు నిర్మాణాల అసలు ఖర్చు అంచనా కంటే సగటున 45 శాతం పెరిగింది. పాత మార్గంలో మరో ప్రమాదం కూడా ఉంది. కొత్త నిర్మాణంలో ఏం కట్టాలో తెలుసు, పాతదానిలో కింద ఏముందో తవ్వాకే తెలుస్తుంది. అందువల్ల మొదటి అంచనాకు కనీసం సగం కలిపి, అప్పుడు కూడా లెక్క నిలబడుతుందా అని చూడాలి. సరకు అంచనాను అదే సమయంలో మూడో వంతు తగ్గించి చూడమని నా సలహా. రెండూ ఒకేసారి చేస్తే చాలా ప్రతిపాదనలు కాగితం మీదే కుప్పకూలుతాయి. కాగితం మీద కూలడమే చవక.

ఈ ఖర్చు ఎవరు భరించాలి?

లాభం ఎవరికి చేరుతుందో వారే భరించాలనడం తేలిక. కానీ లాభం రేవుకు, సరకు యజమానికి, రైలు సంస్థకు, లారీల రద్దీ తగ్గిన ఊరికి ముక్కలు ముక్కలుగా చేరుతుంది. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవులను ప్రధాన రైలు యార్డులతో కలిపే అలమీడా కారిడార్ ఇందుకు మంచి ఉదాహరణ. 2002లో తెరిచిన ఈ 32 కిలోమీటర్ల మార్గానికి సుమారు 240 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. సగం మార్గాన్ని నేలమట్టానికి దిగువన కందకంలా తవ్వి వేశారు, రెండు వందల లెవెల్ క్రాసింగులను తొలగించారు. ఇందులో పెద్ద భాగాన్ని అప్పుగా తెచ్చి, మార్గం మీద వెళ్లే ప్రతి కంటైనర్‌కూ రుసుము విధించి తీరుస్తున్నారు. ఈ పద్ధతి నిలబడాలంటే పెట్టెల ప్రవాహం భారీగా, ఎడతెగకుండా ఉండాలి. రోజుకు రెండు రైళ్లు నడిచే మార్గం మీద ఇలాంటి రుసుము పెడితే సరకు వెంటనే లారీకి మళ్లుతుంది. చిన్న మార్గాలకు తగిన ఏర్పాటు వేరు. కట్ట, వంతెనల బాధ్యత ప్రభుత్వానిది, రేవులోని యార్డు ఖర్చు రేవుది. ఏడాదికి కనీసం ఇంత సరకు పంపుతామని, పంపకపోయినా ఆ మేరకు చెల్లిస్తామని సరకు యజమానులు ఒప్పందం రాసివ్వాలి. ఆ సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే, మార్గానికి ఉందంటున్న గిరాకీ మాటల్లోనే ఉందని అర్థం.

రోడ్డునే వెడల్పు చేస్తే సరిపోదా?

కొన్నిచోట్ల సరిపోతుంది, దాన్ని ఒప్పుకోవాలి. అయితే పోలికలో రోడ్డు ఖర్చును తక్కువగా చూపే అలవాటు ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా జరిగిన రోడ్డు పరీక్షలు, రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు భారపు నాలుగో ఘాతం మేరకు పెరుగుతుందని తేల్చాయి. అర టన్ను ఇరుసు భారం ఉన్న కారుతో పోలిస్తే 10 టన్నుల లారీ ఇరుసు 20 రెట్లు బరువు, కానీ రోడ్డుకు చేసే నష్టం దాదాపు 1,60,000 రెట్లు. ఈ మరమ్మతు ఖర్చు లారీ కిరాయిలో పూర్తిగా కనిపించదు. రైలు తన పట్టాల ఖర్చు తానే మోస్తూ, తన రోడ్డు ఖర్చు పూర్తిగా మోయని లారీతో పోటీ పడుతుంది. ఈ అసమానతను లెక్కలోకి తీసుకోని నివేదిక ఎటు తేల్చినా అది అసంపూర్ణమే.

మార్గం పక్కన ఇళ్లు కట్టుకున్నవారి సంగతి?

ముప్పై ఏళ్లు రైలు రాని చోట జనం ఆ మార్గాన్ని కాలిబాటగా, పెరడుగా, పిల్లల ఆటస్థలంగా వాడుకుంటారు. ఇది అక్రమమని కొట్టిపారేయడం వల్ల ప్రమాదం తగ్గదు. 3,000 టన్నుల రైలు బ్రేకు వేశాక ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు, డ్రైవరు మనిషిని చూసే సరికే ఆలస్యమైపోతుంది. మొదటి రైలు నడవడానికి నెలల ముందే కంచెలు, పాదచారుల వంతెనలు, బడులలో హెచ్చరికలు మొదలుకావాలి.

లెవెల్ క్రాసింగుల లెక్క సూటిగా ఉంటుంది. 700 మీటర్ల రైలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి దాదాపు వంద సెకన్లు పడుతుంది. గేటు ముందుగా వేయడం, తరవాత తీయడం కలిపితే నాలుగైదు నిమిషాలు రోడ్డు ఆగుతుంది. ఆస్పత్రి దారిలో ఉన్న గేటు అయితే ఆ ఒక్కచోటైనా వంతెన కట్టాల్సిందే. శబ్దం విషయంలో మాత్రం ఒక శుభవార్త ఉంది. పోత ఇనుప బ్రేకు దిమ్మలు చక్రపు అంచును గరుకుగా చేస్తాయి, ఆ గరుకుదనమే గోలకు మూలం. మిశ్రమ పదార్థంతో చేసిన దిమ్మలు అమర్చితే చెవికి వినిపించే శబ్దం దాదాపు సగానికి తగ్గుతుంది. మార్గం మీద అలాంటి వ్యాగన్లనే అనుమతిస్తామని ముందే షరతు పెట్టడం, తరవాత గోడలు కట్టడం కంటే చవక.

భూమి, హక్కుల తగాదాలు వస్తాయా?

ఐరన్ రైన్ అనే మార్గం కథ దీనికి సమాధానం. ఆంట్‌వెర్ప్ రేవు నుంచి నెదర్లాండ్స్ గుండా జర్మనీలోని మ్యోన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌కు వెళ్లే ఈ మార్గం 1879లో మొదలైంది. 1839 నాటి ఒడంబడిక బెల్జియంకు ఆ దారి హక్కు ఇచ్చింది. మార్గం పొడవునా సాగే రైళ్లు 1991లో ఆగిపోయాయి. తిరిగి తెరవాలని బెల్జియం కోరేసరికి మార్గం నెదర్లాండ్స్ సంరక్షిత ప్రకృతి ప్రాంతాల గుండా పోతోంది. వివాదం మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. 2005 మేలో వచ్చిన తీర్పు బెల్జియం హక్కు చెల్లుతుందని చెబుతూనే, పర్యావరణ రక్షణ చర్యలు ఆ పునరుద్ధరణలో భాగమేనని తేల్చి ఖర్చుల పంపకాన్ని నిర్దేశించింది. హక్కు దక్కినా మార్గం పొడవునా రైళ్లు మళ్లీ మొదలుకాలేదు.

ప్రయాణికుల రైళ్లు కూడా నడపవచ్చా?

కోరిక న్యాయమైనదే, కానీ క్రమం ముఖ్యం. బ్రిస్టల్ దగ్గర పోర్టిస్‌హెడ్ శాఖా మార్గంలో ప్రయాణికుల రైళ్లు 1964లో ఆగిపోయాయి. రాయల్ పోర్ట్‌బరీ రేవు సరకు కోసం మార్గంలో చాలా భాగాన్ని 2002లో తెరిచారు. ఊరివారు ప్రయాణికుల రైలు కోసం ఆ తరవాత కూడా దశాబ్దాలు పోరాడవలసి వచ్చింది. సరకు మార్గం గంటకు 40 కిలోమీటర్ల వేగానికి సరిపోతే, ప్రయాణికులకు అది చాలదు, సిగ్నళ్లు, ప్లాట్‌ఫారాలు అన్నీ వేరే ఖర్చు. అయితే ప్లాట్‌ఫారానికి స్థలం, రెండో లూపుకు స్థలం మొదటి రోజే కేటాయించి ఉంచడానికి పెద్దగా ఖర్చు కాదు.

వరదలు, తుపానులు ఈ నిర్ణయాన్ని మారుస్తాయా?

మారుస్తాయి, ఎందుకంటే మార్గం మూతపడటానికి కొన్నిసార్లు కారణం అవే. న్యూజిలాండ్‌లో నేపియర్, గిస్‌బోర్న్ పట్టణాల మధ్య మార్గం 2012లో తుపానుకు కొట్టుకుపోయి ఆగిపోయింది. కోతకొచ్చిన అడవి దుంగలను నేపియర్ రేవుకు చేర్చడానికి వైరోవా దాకా ఉన్న భాగాన్ని 2019లో తిరిగి తెరిచారు. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపాను అదే ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసి మార్గాన్ని మళ్లీ తెంచింది. మార్గాన్ని ఏ కారణంతో మూశారో, ఆ కారణం ఇప్పటికీ ఉందా అన్నది మొదటి పేజీలోనే రాయాలి. తూముల వెడల్పును పాత వర్షపాతం లెక్కల మీద కాకుండా కొత్త లెక్కల మీద కట్టాలి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సరకు యజమానులతో. వారి గోదాము ఎక్కడుంది, నెలకు ఎన్ని టన్నులు, ఏ దిశలో, ఎంత ఆలస్యాన్ని భరించగలరు అన్న జాబితా సిద్ధం కాకముందే వంతెనల పరీక్షకు డబ్బు పెట్టడం వృథా. జాబితా నిలబడితే అప్పుడు పెద్ద వంతెనలు, నిటారు వాలులు, సొరంగాలు, కూడలి ఈ నాలుగింటినే ముందు పరిశీలించాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా మిగతా సర్వే అక్కర్లేదు. అన్నీ కుదిరితే రేవుకు దగ్గరి భాగాన్ని మొదట తెరిచి, తక్కువ వేగంతో, ఒక సమయంలో ఒకే రైలు అన్న సులువైన పద్ధతిలో నడిపి చూడవచ్చు.

ఇప్పుడే తెరవకూడదని తేలితే ఆ మార్గాన్ని ఏం చేయాలి?

కట్టను ముక్కలుగా అమ్మకూడదు. అమెరికాలో 1983లో చేసిన చట్ట సవరణ ప్రకారం, రైళ్లు ఆగిన మార్గాన్ని నడక, సైకిల్ దారిగా మార్చి, అవసరమైతే మళ్లీ రైలు వేసే హక్కును నిలిపి ఉంచవచ్చు. 1990లో అక్కడి సుప్రీంకోర్టు ఈ ఏర్పాటును సమర్థించింది. అలా కాపాడని మార్గాల గతి 2014 నాటి మరో తీర్పులో కనిపిస్తుంది. 1875 నాటి చట్టం కింద ఇచ్చిన రైలు దారి హక్కు, రైలు వదిలేశాక ముగిసిపోయి నేల పక్క యజమానికే చెందుతుందని ఆ తీర్పు చెప్పింది. ఒక్క యజమాని కట్ట మధ్యలో ఇల్లు కట్టుకున్నాడంటే, మార్గం రెండు కొసలూ ఎంత బాగున్నా రైలు అక్కడ ఆగిపోవాల్సిందే. పట్టాలు తీసి అమ్ముకున్నా ఫరవాలేదు, అవి తిరిగి కొనవచ్చు. కట్ట, వంతెనల స్థలం, కూడలి దగ్గరి నేల, రేవులో యార్డుకు తగిన స్థలం ఈ నాలుగూ ఒకే యజమాని చేతిలో ఉండేలా దస్తావేజులు సరిచేసి, తూములు ఏడాదికోసారి శుభ్రం చేయిస్తే చాలు.